నాలుగు పట్టీల ఫ్లెక్సీ

ముందే ఒప్పుకుంటున్నాను, తప్పు నాదీ ఆంజనేయులుదీ. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు మేమిద్దరం పంచుకోవాల్సిన దాన్ని పెద్దమనుషులంతా కలిసి రాజకుమారి చేత అబద్ధం ఆడించి కడిగేయాలని చూశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకాస్త ఎక్కువే మండుతుంది.

బందరు కోనేరు సెంటరు పక్క సందులో నాకు ఫ్లెక్సీ షాపు ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, పదవులు వచ్చినవాళ్ళకు అభినందనలు, అన్నీ నా మిషను లోంచే బయటకు వస్తాయి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. జనం తెచ్చే ఫొటోలు ఎప్పుడూ బాగుండవు. ఎవరో పెళ్ళి పందిట్లో పప్పన్నం కలుపుకుంటూ తీయించుకున్న ఫొటో తెచ్చి, దీన్నే కాస్త దర్జాగా చెయ్యమంటారు. అందుకని మా కంప్యూటర్లో ఒళ్ళు సిద్ధంగా ఉంటాయి. తెల్లచొక్కా ఒళ్ళు, పట్టుపంచె ఒళ్ళు, కోటు ఒళ్ళు, మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఒళ్ళు. తల కోసి ఒంటికి అతికించి, మెడ దగ్గర రంగు కలిపితే మనిషి తయారు. ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ ఆ ఒళ్ళు తనది కాదని నాతో గొడవ పెట్టుకోలేదు. పెట్టుకున్న మొదటి మనిషి రాజకుమారి.

రాజకుమారి వాళ్ళది గిలకలదిండి హార్బరు. నాన్న వెంకటపతికి ఒకప్పుడు రెండు మరపడవలు ఉండేవి. అమ్మ రత్నం హార్బరులో చేపల వేలం పాడుతుంది. ఆవిడ గొంతు లేస్తే అవతలి ఒడ్డున కొంగలు కూడా లేస్తాయని అంటారు. రాజకుమారి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పడవ ఎక్కుతానని ఏడ్చిందట. ఆడపిల్లలు పడవెక్కి వేటకు రాకూడదని పెద్దవాళ్ళు కసిరారట. 'అయితే ఇంకోటి ఎక్కుతాలే' అందట ఆ పిల్ల. నిజంగా అందో, లైసెన్సు వచ్చాక రత్నం కల్పించిందో నాకు తెలియదు. అడిగితే మాత్రం ఒట్టేసి చెబుతుంది.

ఏదైతేనేం, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి పైలట్ కోర్సులో చేరింది. ఆ చదువు కోసం వెంకటపతి పడవలు రెండూ పోయాయి. ఒకప్పుడు పదిమందికి పని ఇచ్చిన మనిషి ఇంకొకరి పడవ మీద కలాసీగా వెళ్ళాడు. దాని గురించి ఆయన నోరు విప్పి ఒక్క మాట అనగా నేను వినలేదు. అన్నవాళ్ళంతా చుట్టూ ఉన్నవాళ్ళే. వాళ్ళకేం పోయిందో!

ఎక్కడో దేశం నడిమధ్యన ఉన్న ఆ ట్రైనింగు స్కూల్లో అరవైమంది పిల్లలకి ఎగరగలిగే విమానాలు మూడట. ఒకటి రిపేరులో ఉంటే రెండు. ఏడాదిలో ఎగరాల్సిన రెండు వందల గంటలు పూర్తవడానికి రెండున్నరేళ్ళు పట్టింది. తీరా లైసెన్సు చేతికొచ్చేసరికి కరోనా వచ్చి విమానాలన్నీ నేల మీద నిలబడిపోయాయి. అది తగ్గాక విమానాలు లేచాయి కానీ రాజకుమారికి పిలుపు రాలేదు. దేశంలో పైలట్లకు కొరత అని పేపర్లలో పెద్ద అక్షరాలతో వేస్తారు. నేనూ అది చదివి, 'ఇంకేంటమ్మా నీకు?' అని అడిగాను ఒకసారి.

"కొరత కెప్టెన్లకి బాబాయ్. అనుభవం ఉన్నవాళ్ళకి. మాబోటి కొత్తవాళ్ళు లైన్లో వేలమంది ఉన్నారు. అనుభవం ఉందా అని అడుగుతారు. ఉద్యోగం ఇస్తేనే గదా అనుభవం!" అంది.

ఆ కోపంలో న్యాయం ఉంది. ఆమెతో చదివిన వాళ్ళలో ఒకమ్మాయి ఎయిర్‌పోర్టు కౌంటర్లో బోర్డింగ్ పాసులు ఇస్తోంది. గుడివాడ కుర్రాడు లోహిత్ కార్ల షోరూములో అమ్మకాలు చూస్తున్నాడు. ఇద్దరు పెళ్ళిళ్ళు చేసుకుని ఆ మాటే ఎత్తడం మానేశారు.

రాజకుమారి మానలేదు. పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్ళి ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. సెలవుల్లో దివిసీమ వెళ్ళి, కోడూరు, నాగాయలంక వైపు పొలాల్లో డ్రోనుతో వరికి మందు కొట్టేది. గట్టు మీద ఎండలో నిలబడి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతిలో రిమోటుతో రోజుకి పాతికెకరాలు. సంపాదించిందంతా తన లైసెన్సుకే పెట్టేది. లైసెన్సంటే పర్సులో పెట్టుకు తిరిగేదని నేను అనుకునేవాణ్ణి. కాదట. ఏటా డాక్టర్ల పరీక్ష, ఏటా మళ్ళీ విమానం నడిపి చూపించే పరీక్ష. ఒక్క ఏడు తప్పినా ఎవరూ దగ్గరికి రానివ్వరు. ఐదేళ్ళు అలా దాన్ని ప్రాణంతో నిలబెట్టుకుంది.

ఊరు ఊరుకుంటుందా? చేపల వేలం దగ్గర, బస్టాండులో, ఎక్కడ కనిపించినా ఎవరో ఒకరు, 'ఏమ్మా, గాలిమోటారు ఇంకా లేవలేదా?' అనేవాళ్ళు. ఒకసారి నా షాపు ముందే ఒకాయన అలా అడిగాడు.

"లేచిందండి. రెండు వందల గంటలు ఎగిరి దిగాను. మీరెంతసేపు ఎగిరారు?" అంది.

ఆయన ఇంకెప్పుడూ అడగలేదు. నేను మాత్రం ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇంతలో నిరుడు వానాకాలం ఒక విమాన కంపెనీ కొత్త పైలట్ల కోసం పరీక్ష పెట్టింది. వేలమంది రాశారు. రాతపరీక్ష నెగ్గింది. తర్వాత బొమ్మ విమానంలో కూర్చోబెట్టి నడిపించి చూసే పరీక్ష, అదీ నెగ్గింది. ఇక మిగిలింది ఒక్క ఇంటర్వ్యూ. ఐదేళ్ళలో అంతదాకా వచ్చింది అదొక్కసారే. అది పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో ఎవరికీ తెలియదు. రత్నం ఆనందం పట్టలేక తమ్ముడికి ఫోన్ చేసి, 'మన పిల్ల పాసయ్యిందిరా' అంది. కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

ఆ తమ్ముడే ఆంజనేయులు, రాజకుమారికి మేనమామ. హార్బరులో ఐసు ఫ్యాక్టరీ నడుపుతాడు. మంచివాడు. పిల్లని చంకనేసుకుని పెంచాడు. కానీ ఫ్లెక్సీ పిచ్చి ఉన్నవాడు. ఎవరికి ఏ శుభం జరిగినా ఫ్లెక్సీ కట్టించి, కింద శుభాకాంక్షలు తెలిపేవారి వరసలో తన మొహం అందరికంటే పెద్దగా వేయిస్తాడు. నా షాపుకి పాత కస్టమరు. వరస కలిపి నన్ను బావా అంటాడు.

"బావా, మన రాజకుమారి పైలట్ అయిపోయింది. ఇరవై అడుగులది కావాలి. కోనేరు సెంటర్లో ఎవడు చూసినా కళ్ళు తిరగాలి!" అంటూ వచ్చాడు.

"ఫొటో ఏది?" అన్నాను.

ఫోన్లో చూపించాడు. ఎవరిదో పెళ్ళిలో పట్టుచీర, చేతిలో ఐస్‌క్రీము కప్పు.

"యూనిఫారం ఫొటో లేదా?"

"నువ్వుండగా యూనిఫారం ఎందుకు బావా? నీ దగ్గర లేని ఒళ్ళా!"

పొగడ్తకు పడిపోయాను, ఇంకేం చెప్పను! నా దగ్గర పైలట్ ఒళ్ళు లేదు. గూగుల్‌లో వెతికాను. తెల్లచొక్కా, నల్ల టై, భుజాల మీద బంగారు పట్టీలు, చంకలో టోపీ. మొగవాడి ఒళ్ళు. భుజాలు కాస్త తగ్గించాను. ఆ పట్టీలు రెండుంటే ఏమిటో, మూడుంటే ఏమిటో, నాలుగుంటే ఏమిటో నాకేం తెలుసు? నాలుగున్నది బాగా మెరుస్తోంది, అదే తీసుకున్నాను. వెనకాల ఆ కంపెనీ విమానం, తోక మీద వాళ్ళ గుర్తుతో సహా పెట్టాను. పైన 'మన బందరు ముద్దుబిడ్డ కెప్టెన్ రాజకుమారి గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు' అని ఆంజనేయులు చెప్పినట్టే కొట్టాను. కింద పద్నాలుగు మొహాలు. మధ్యలో ఆంజనేయులు. ఓ మూల, అన్నిటికీ వేసినట్టే, నా షాపు పేరు, ఫోన్ నంబరు.

శుక్రవారం సాయంత్రం కట్టారు. రాజకుమారి నాలుగు రోజులుగా దివిసీమ పొలాల్లో ఉంది, ఆమెకు తెలియదు. సోమవారం పొద్దున నాకు ఫోనొచ్చింది. ఆ విమాన కంపెనీ ఆఫీసు నుంచి, తెలుగు వచ్చిన ఒకాయన. ఎవరో ఫ్లెక్సీని ఫొటో తీసి వాళ్ళకు పంపారట. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియలేదు. తెలిస్తే వాడి ఒళ్ళు కూడా మార్చి ఉండేవాణ్ణి.

"ఈ బ్యానరు ఆర్డరు రాజకుమారి గారే ఇచ్చారాండీ?" అని మర్యాదగా అడిగాడు.

"రాంగ్ నంబరండీ" అని ఫోన్ పెట్టేశాను. ఇరవై అడుగుల గుడ్డ మీద నా నంబరు నేనే వేసుకుని రాంగ్ నంబరు అన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మధ్యాహ్నానికి రాజకుమారికి మెయిలు వచ్చింది. తమ కంపెనీలో కెప్టెన్‌గా పనిచేస్తున్నట్టు ఆమె బహిరంగంగా ప్రచారం చేసుకుంటున్నట్టు తెలిసిందని, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, అంతవరకు ఇంటర్వ్యూ నిలిపేస్తున్నామని. సాయంత్రం నాలుగింటికి అవనిగడ్డ బస్సు దిగి, మట్టికాళ్ళతోనే తిన్నగా నా షాపుకొచ్చింది.

"ఎవరి ఒళ్ళు బాబాయ్ అది?" అంది.

"గూగుల్‌లో దొరికిందమ్మా."

"నాలుగు పట్టీలు కెప్టెన్‌కి. వేల గంటలు ఎగిరితే గానీ రావు. నాకింకా కో-పైలట్ సీటు కూడా ఇవ్వలేదు. ఒక్క ఫోన్ చేసి అడగలేకపోయారా? నా తల కొయ్యడానికి ముందు నన్ను అడగాలని మీకు తోచలేదా?"

తిట్టినా బాగుండేది. మెయిలు చూపించింది. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే అయినా, నిలిపేశారన్న మాట అర్థమైంది. నిజం చెబుతున్నాను, ఆ నిమిషం మిషను తీసుకెళ్ళి కాలవలో పడేద్దామనిపించింది.

ఆ సాయంత్రమే వెంకటపతి ఇంటి ముందు, వలలు ఆరేసిన చోట అందరం కూర్చున్నాం. ఆంజనేయులు వెంటబెట్టుకొచ్చిన భుజంగరావుగారు కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన్నే అడుగుతారు. గొంతు సవరించుకుని ఉపాయం చెప్పాడు.

"ఏముందండీ ఇందులో? గుర్తు తెలియని వ్యక్తులు అమ్మాయి ఫొటో మార్ఫింగు చేశారు, పరువు తీయడానికి చేశారు అని పోలీసులకి ఒక కంప్లైంటు పడేద్దాం. దాని కాపీ మెయిలుకి జత చేద్దాం. అమ్మాయి బాధితురాలైపోతుంది. కంపెనీ ఏమంటుందిక?"

ఆంజనేయులు తలూపాడు. నేనూ ఊపాను. సిగ్గు లేకుండా ఊపాను, ఎందుకంటే గుర్తు తెలియని వ్యక్తి అంటే నన్ను వదిలేసినట్టే కదా అని లోపల ఒక పురుగు తొలిచింది.

రాజకుమారి ఆయన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

"గుర్తు తెలియని వ్యక్తులు ఎవరండీ? మా మావయ్యా? ఫ్లెక్సీ మీద ఆయన మొహం నా మొహం కన్నా పెద్దగా ఉంది. ఈ మోహన్ బాబాయా? ఆయన ఫోన్ నంబరు అవనిగడ్డ బస్సులో కూర్చున్నా కనబడుతోంది!"

రత్నం అంత బాధలోనూ కిసుక్కున నవ్వింది. భుజంగరావుగారికి కోపమొచ్చింది.

"ఉద్యోగం కావాలా వద్దా అమ్మా నీకు?"

"కావాలండి. మీ అందరికన్నా నాకే ఎక్కువ కావాలి. విమానంలో ఎవరి వల్ల ఏ తప్పు జరిగినా రాసి పెట్టాలి. ఎవరు చేశారు, ఎట్టా సరిదిద్దాం, అంతా రాయాలి. మాకు మొదట్లోనే నేర్పేది అది. అబద్ధం రాసి ఆ సీట్లో కూర్చోమంటారా? నేను రాయను. ఉద్యోగం పోతే పోనీండి, రాయను."

"అయితే నన్ను దోషిని చేస్తావన్నమాట. మేనమామని బజారుకీడుస్తావు!" అంటూ లేచాడు ఆంజనేయులు.

"నన్ను బజార్లో నిలబెట్టింది నువ్వు మావయ్యా. ఇరవై అడుగుల ఎత్తున నిలబెట్టావు. అది రేపు దింపించేస్తాను. నువ్వే దింపితే నాకింకా సంతోషం."

"నా చేత్తో కట్టించింది నేను దింపను. ఆనందం కొద్దీ కట్టించానే! ప్రేమ కొద్దీ! దానికి ఇదా ఫలితం?"

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు చేశావు గదరా తమ్ముడూ. ప్రేముంటే మాత్రం కాస్త ఆగాలిగా!" అంది రత్నం.

"నువ్వూ నన్నే అంటావా అక్కా?" అంటూ ఆంజనేయులు చెప్పులు వేసుకున్నాడు. వెంకటపతి అప్పటిదాకా వల చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడు. తలెత్తకుండానే, "పిల్ల చెప్పినట్టు చెయ్యండి. ఎవరూ అడ్డం రామాకండి" అన్నాడు. పడవలు పోగొట్టుకున్న మనిషి ఆ మాటన్నాక మాకు మాట్లాడే హక్కు లేకపోయింది.

మర్నాడు షాపు తెరిచేసరికే రాజకుమారి మెట్ల మీద కూర్చుని ఉంది. దింపించి ఊరుకుంటుందనుకున్నాను. కాదు, ఇంకోటి కట్టాలంది.

"అంతే సైజు బాబాయ్. అక్కడే. తప్పు ఎంత పెద్దగా చెప్పామో ఒప్పు కూడా అంత పెద్దగా చెప్పాలి."

పక్కన కూర్చుని మాటలు చెప్పింది, నేను కొట్టాను. 'ఇంతకుముందు ఇక్కడ కట్టిన ఫ్లెక్సీలో తప్పు ఉంది. నేను కెప్టెన్‌ను కాను. ఏ కంపెనీలోనూ పైలట్‌ను కాను. నాకు కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంది. ఐదేళ్ళుగా ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాను. ఇంకా రాలేదు. ప్రయత్నం ఆపలేదు. లంకె రాజకుమారి, గిలకలదిండి.'

'ఇంకా రాలేదు' దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి.

"అమ్మా, ఇరవై రెండేళ్ళ నుంచి వేస్తున్నాను. పదవి వచ్చిందని వేశాను, సీటు వచ్చిందని వేశాను, పక్కూరి హీరో బందరులో కాలుపెట్టాడని వేశాను. ఉద్యోగం రాలేదని ఎవరూ వేయించుకోలేదు. నవ్వుతారమ్మా. పెళ్ళి చూపులకు వచ్చేవాళ్ళు కూడా చూస్తారు."

"చూడనీండి. నేనేం దొంగతనం చేశానా? చదివాను, నెగ్గాను, రాలేదు. రానిది వచ్చిందని చెప్పుకోడానికి లేని సిగ్గు, రాలేదని చెప్పుకోడానికెందుకు?"

ఫొటో తన ఫోన్లోంచి ఇచ్చింది. ట్రైనింగు నాటిది. చిన్న విమానం రెక్క పక్కన నిలబడి ఉంది. ఎండకు కమిలిన మొహం, బిగించి వేసిన జడ, చేతులకు నూనె మరకలు. భుజాల మీద ఏ పట్టీలూ లేవు. నేను అలవాటుకొద్దీ మొహం రంగు తేల్చబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కింద శుభాకాంక్షలు తెలిపేవారు ఎవరూ లేరు. నా షాపు పేరు, నంబరు మాత్రం ఉంచమంది.

పాతది దింపి కొత్తది కట్టేటప్పుడు ఆంజనేయులు రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నిలబడి చూశాడు. వెదుళ్ళకు కట్టిన తాళ్ళు కోస్తుంటే తన మొహమే ముందు కిందకు వాలింది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. రాజకుమారి రోడ్డు దాటి పరిగెత్తి పిలిచినా వెనక్కి తిరగలేదు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. నాకు ఆర్డర్లు ఇవ్వడమూ మానేశాడనుకోండి, అది వేరే ఏడుపు.

ఊరు నవ్వింది. నవ్వకుండా ఎందుకుంటుంది? కండక్టర్లు బస్సాపి మరీ పైకి చదివారు. ఉద్యోగం రాలేదని ఫ్లెక్సీ కట్టించుకున్న మొదటి మనిషి అని వాట్సాప్‌లో తిప్పారు. కానీ నేను షాపులో కూర్చుని ఇంకోటి కూడా చూశాను. కాలేజీలు అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాని కింద నిలబడి చదివి, నవ్వకుండా వెళ్ళేవాళ్ళు. ఒకడు లోపలికొచ్చి, "అన్నా, నాక్కూడా ఒకటి వెయ్యి. బీటెక్కు, మూడేళ్ళు, ఇంకా రాలేదు" అన్నాడు. ఊరికే వేస్తానన్నాను. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు.

గుడివాడ నుంచి లోహిత్ బైకు మీద వచ్చాడు. షోరూము చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. అరగంట నిలబడ్డాడు.

"మా ఇంట్లో వాళ్ళు నేను ఎయిర్‌పోర్టులో పనిచేస్తున్నానని చెప్పుకుంటున్నారండి. చుట్టాలెవరైనా కారు కొనడానికొస్తే నేను వెనక గదిలోకి వెళ్ళి దాక్కుంటాను" అన్నాడు నాతో. ఆ మాట చెబుతూ ఏడ్చేశాడు. ముప్ఫై ఏళ్ళ మగపిల్లాడు నా స్టూలు మీద కూర్చుని ఏడుస్తుంటే నేనేం చేస్తాను? టీ తెప్పించాను.

సంజాయిషీ రాజకుమారి తనే రాసింది. మా మేనమామ నా మీద ప్రేమతో కట్టించారు, నన్ను అడగలేదు, తెలిసిన మర్నాడే దింపించి ఇది కట్టించాను అని, రెండు ఫ్లెక్సీల ఫొటోలూ జత చేసింది. వద్దు వద్దంటున్నా నా చేత కూడా ఒక కాగితం రాయించింది. ఒళ్ళు నేనే అతికించానని, పట్టీల సంగతి నాకు తెలియదని, ఫోనొస్తే భయపడి రాంగ్ నంబరు అన్నానని. ఆ చివరి ముక్క తీసేస్తానన్నాను. ఒప్పుకోలేదు. రాక్షసి!

పదహారు రోజులు చప్పుడు లేదు. ఆ పదహారు రోజులూ గుడివాడ వెళ్ళి పాఠాలు చెప్పింది, ఆదివారాలు దివిసీమలో మందు కొట్టింది. నేను మాత్రం షాపులో కుదురుగా ఒక్క పని చేయలేకపోయాను. ఆమెకు ఉద్యోగం పోతే అందులో నా చెయ్యి ఉన్నట్టే, ఆ పాపం జన్మలో పోదు. పదిహేడో రోజున ఇంటర్వ్యూకి ఢిల్లీ రమ్మని మెయిలు వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఆంజనేయులు షాపుకొచ్చాడు. హార్బరులో గంగమ్మ జాతరకు ఫ్లెక్సీ కావాలట. పక్క షాపువాడు తన మొహం నల్లగా వేశాడట, అందుకని మళ్ళీ నా దగ్గరికే. రాజకుమారి మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఫోన్ వైపు చూడనట్టు నటిస్తూ కూర్చున్నాం. సాయంత్రం ఐదింటికి అది మోగింది. స్పీకరు నొక్కాను.

"బాబాయ్, అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. వేలంలో ఉన్నట్టుంది. కాస్త కబురు చెప్తారా?"

"ముందు నాకు చెప్పమ్మా, ఏమైంది?"

"ముగ్గురు కూర్చున్నారండి. బల్ల మీద మన రెండు ఫ్లెక్సీలూ ప్రింటు తీసి పెట్టుకున్నారు. వాటి గురించి ఒక్క మాట అడగరే! అవీ ఇవీ అడిగి, చివర్లో ఒక పెద్ద కెప్టెన్‌గారు, 'నీ పక్క సీట్లో కెప్టెన్ నీకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, తప్పు చేస్తున్నాడు, నువ్వేం చేస్తావు?' అన్నారు. దానికి పుస్తకంలో ఒక సమాధానం ఉంది. అందరూ అదే చెప్తారు. నాకు అది నోటికి రాలేదు బాబాయ్. ఆ మొదటి ఫ్లెక్సీ కాగితం చేతిలోకి తీసుకుని, కింద మావయ్య మొహం చూపించాను."

ఆంజనేయులు కుర్చీలో ముందుకు వంగాడు.

"'ఈయన మా మేనమామ సార్. నాకు ఏ కెప్టెన్ కన్నా పెద్ద. నన్ను ఎత్తుకు పెంచాడు. ఈయన తప్పు చేస్తే, ఈయన్ని నడిసెంటర్లో ఊరందరి ముందు దింపించాను. అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు. రోజూ ఏడుపొస్తోంది. అయినా రేపు మళ్ళీ అట్టాంటిది కడితే మళ్ళీ దింపిస్తాను. మీ కెప్టెన్ని మాత్రం ఊరుకుంటానా?' అన్నాను. వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బయట కూర్చోమన్నారు."

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను నోరు తెరిచేలోపే ఆంజనేయులు నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు.

"ఉద్యోగం ఇచ్చారా లేదా, అది చెప్పవే ముందు!"

అవతల ఆమె ఆ గొంతు పోల్చుకుంది.

"మావయ్యా?"

"ఆఁ, మావయ్యనే. చెప్పు."

"ఇచ్చారు మావయ్యా. ఇప్పుడే బోర్డు మీద పేర్లు పెట్టారు. నాది నాలుగోది. ట్రైనింగు చాలా ఉంది, అందులో తప్పితే ఇంటికి పంపించేస్తారు. కానీ ఇచ్చారు."

ఆంజనేయులు మొహం చూడాలి మీరు! కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి, ఆ మనిషి మాత్రం బల్ల మీద గుద్ది అరిచాడు.

"చూశావా! నేను ఆ ఫ్లెక్సీ కట్టించబట్టేగా!"

"కాదు మావయ్యా," అంది రాజకుమారి. ఆ గొంతులోనూ ఏడుపుంది కానీ మాట మాత్రం వెనక్కి తగ్గలేదు. "నేను దింపించబట్టి."

ఆంజనేయులు నా వైపు చూశాడు. ఏమైనా సాయం వస్తానేమోనని. నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను. ముక్కు ఎగబీల్చి, కండువాతో మొహం తుడుచుకుని, ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సరేలేవే. ఒప్పుకున్నా. నాదే తప్పు," అన్నాడు.

ఆంజనేయులు నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.